ఇబ్బనేజా

దుకాణం ముందు గది అంతా అద్దాలు, దీపాలు, తళుకులు. గిటార్లు, వయొలిన్లు, డ్రమ్ములు ఫొటోకి నిలబడ్డట్టు వరసగా నిలబడి ఉండేవి. వెనక గదిలో మాత్రం ఒక పొడవాటి బల్ల, గోడకి వేలాడే క్లాంపులు, జిగురు డబ్బాలు, చెక్కపొడి వాసన, వాటన్నిటి మధ్యా తీగలక్క.

ఆమెకి అసలు పేరు లేకపోలేదు. కానీ ఓటేసే రోజున తప్ప ఆ పేరుతో ఆమెకీ పని పడేది కాదు. ఇరవై ఆరేళ్ల కిందట పెట్టెలు సర్దే పనికి చేరింది. తండ్రి కుర్చీలు చేసే వడ్రంగి కాబట్టి ఏ చెక్కకి ఏ జిగురు పడుతుందో చిన్నప్పుడే చేతికి తెలిసింది. పాత మరమ్మతు మేస్త్రి పని మానేసి వెళ్లిపోయిన రోజున దుకాణం యజమాని పెద్దాయన, విరిగిన గిటారొకటి ఆమె ముందు పెట్టి, “ఏమ్మా, చూస్తావా?” అన్నాడు. చూసింది. అంతే, ఆ బల్ల ఆమెదైపోయింది. గిటారు మీద ఒక్క పాటైనా పూర్తిగా వాయించడం రాదు. ఆరు తీగలూ మీటి, తల ఒక పక్కకి వంచి వింటుంది. ఏ తీగ అలిగిందో, ఎందుకు అలిగిందో ఇట్టే చెప్పేస్తుంది.

ఆ ఊరికి ఓడరేవు ఉంది. అందువల్ల నానా దేశాల వాళ్లూ దుకాణానికి వచ్చేవాళ్లు. మరమ్మతుకి ఎక్కువగా వచ్చేవి ఒకే కంపెనీ గిటార్లు. వాటి తల మీద ఇంగ్లీషు అక్షరాల్లో ఐబనెజ్ అని ఉంటుంది. రాయడం వరకూ ఏ పేచీ లేదు. నోరు విప్పితేనే తంటా.

ఆ బల్ల చేతికొచ్చిన మొదటి ఏడాదే ఆ తంటా ఆమె మెడకి చుట్టుకుంది. ఒకే వారంలో రెండు నల్ల గిటార్లు వచ్చాయి, రెండూ ఆ కంపెనీవే. చీటీల మీద కంపెనీ పేరు, తేదీ రాసి ఊరుకుంది. ఓడలో పనిచేసే జపాన్ ఇంజనీరు ఒకాయన గిటారు లెక్కల మాస్టారికి వెళ్లిపోయింది. మాస్టారిది ఓడెక్కి సముద్రం దాటింది. అది తిరిగొచ్చేసరికి నలభై రోజులు పట్టింది. ఆ నలభై రోజులూ మాస్టారు వచ్చి కౌంటరు దగ్గర నిలబడి నిట్టూరుస్తుంటే తీగలక్కకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

అప్పుడే ఆమెకో సంగతి తట్టింది. మనుషుల ముఖాలు మరిచిపోయినా మాట చెవిలో ఉండిపోతోంది. మాస్టారు ‘ఐబంజ్’ అన్నాడు. ఓడాయన ‘ఐబానీజు’ అన్నాడు. మరి చీటీ మీద ఆ మాటే ఎందుకు రాయకూడదు? ఆ రోజు నుంచి ఎవరు ఎలా పలికితే అలాగే, ఒత్తులూ దీర్ఘాలతో సహా, తన లిపిలో రాసి గిటారు మెడకి కట్టసాగింది.

అమెరికా నుంచి వచ్చిన ఒకాయన ‘ఐబనెజ్’ అన్నాడు. స్పెయిన్ నుంచి వచ్చిన ఓడ వంటాయన నాలుక కొస పళ్ల మధ్య పెట్టి ‘ఇబానియెత్’ అన్నాడు. మెక్సికో అమ్మాయి ‘ఇబానియెస్’ అంది. ఇక ఊళ్లో వాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. ఇబనేజు, ఐబనీస్, బానేజి. ఒక టాక్సీ డ్రైవరైతే ఏకంగా ‘ఇబ్బందీజ్’ అన్నాడు. మరమ్మతుకి వచ్చిన వస్తువు కదా, ఆ పేరూ బాగానే నప్పిందనుకుని అలాగే రాసుకుంది.

ఒకసారి ఆ స్పెయిన్ వంటాయన్ని అడిగింది కూడా. “ఇంతకీ ఏది సరైనదండీ?”

ఆయన వచ్చీరాని మాటల్లో, మిగతాది చేతులతో చెప్పాడు. “అది మా దేశంలో ఇంటిపేరు. ఆ ఇంటిపేరున్న ఒకాయన మా వైపు గిటార్లు చేసేవాడు. నేను ఇలా అంటాను. మా ఆవిడ పుట్టిల్లు దక్షిణాన, ఆవిడ ఇంకోలా అంటుంది. ఇంట్లోనే తేలలేదు, నీకేం చెప్పను?”

తర్వాత ఆ జపాన్ ఓడ ఇంజనీరుని అడిగింది. ఆయన నవ్వాడు. “పేరు వాళ్లది. గిటారు మాది. మా ఊళ్లో మాత్రం ఐబానీజు.”

తయారు చేసినవాళ్లది ఒక తీరు, పేరుగలవాళ్లది ఒక తీరు. ఇంక తనెవరు తీర్పు చెప్పడానికి! తీగలక్క ఆ ప్రశ్న అక్కడితో వదిలేసింది. ఎవరైనా గిటారు తెచ్చి ఆ పేరు ఎలా పలికితే, తనూ వాళ్లతో అలాగే పలికేది. “మీ ఇబనేజుకి తీగల కింది బ్రిడ్జి లేచిందండీ” అని ఒకరితో. “నీ బానేజి సిద్ధం బాబూ” అని ఇంకొకరితో. పలకడానికి బెరుకుపడుతూ వచ్చినవాళ్లు కూడా అక్కడ మాట్లాడుతూ మాట్లాడుతూ బల్ల మీద మోచేతులు పెట్టేసేవాళ్లు.

పెద్దాయనకి మోకాళ్ల నొప్పులు ముదిరాక దుకాణం చూసుకోవడానికి అల్లుడు వచ్చాడు. అంతకుముందు పెద్ద టీవీల షోరూములో మేనేజరుగా చేసినవాడు. మనిషి చెడ్డవాడు కాదు, పనిలో చురుకు. కాకపోతే ప్రతిదీ ఒక పద్ధతిలో ఉండాలి. వచ్చిన నెలలోనే కంప్యూటరు పెట్టించాడు. రెండో నెలలో కౌంటరు మీద అద్దం కింద ఒక కాగితం పెట్టాడు. దాని మీద బ్రాండ్ల పేర్లు, పక్కన వాటిని ఎలా పలకాలో. ఎవరైనా తప్పు పలికితే నవ్వుతూనే, “అలా కాదండీ, ఇలా” అని కాగితం చూపించేవాడు.

హోటల్లో గదులు ఊడ్చే ఒకావిడ మూడు వారాల పాటు రోజూ అద్దంలోంచి చూసి, చివరికి ధైర్యం చేసి లోపలికొచ్చి, “ఆ ఇబానీ చూపిస్తారా” అంది. అల్లుడు కాగితం చూపించాడు. ఆవిడ ముఖం ఎర్రబడింది. “మళ్లీ వస్తానండీ” అని వెళ్లిపోయింది. వెనక గది తలుపులోంచి అంతా చూసిన తీగలక్క చేతిలో పని అక్కడే వదిలి, జిగురు చేతులతోనే వీధిలోకి పరుగెత్తింది. బస్టాపులో ఆవిడని పట్టుకుని, “అమ్మా, ఆ ఇబానీని ఒక్కసారి ఒళ్లో పెట్టుకుని చూడకుండా ఎలా పోతారు?” అంది. ఆవిడ వెనక్కి వచ్చి గంటసేపు కూర్చుంది. గిటారు పట్టుకునే వెళ్లింది.

ఇది జరిగాక కూడా అల్లుడి పట్టు సడలలేదు. “అక్కా, మీ చీటీలు ఇక వద్దు. ఒకే కంపెనీకి యాభై పేర్లైతే కంప్యూటరు ఏం వెతుకుతుంది? అన్నిటికీ ఒకే పేరు, వరస నంబరు, చాలు.”

“రసీదు పారేసుకుంటే?”

“ఫోన్ నంబరు ఉంటుంది కదా.”

ఆ సాయంత్రం ఆమె ఇంటికి వెళ్లి భర్తకి చెప్పుకుంది. ఆయన సిటీ బస్సు కండక్టరు. ముప్ఫై ఏళ్లుగా అదే రూటు. అన్నం తింటూ పకపకా నవ్వాడు. “స్టాపు పేరు సరిగ్గా పలికినవాడికే టిక్కెట్టు అని నేను కూర్చుంటే, రోజూ బస్సులో నేనూ డ్రైవరూ తప్ప ఎవరూ ఉండం. నువ్వు నీ చీటీ కట్టుకో. నంబరు ఒక పక్క, నీ రాత ఒక పక్క.”

ఆ మాట బాగుంది. మర్నాటి నుంచి చీటీకి ముందు వైపు నంబరు, వెనక వైపు తన రాత. అల్లుడు చూశాడు, పెదవి విరిచాడు.

మూడేళ్లు గడిచాయి. ఒక సోమవారం మధ్యాహ్నం పాతికేళ్ల అమ్మాయి ఒకతి కౌంటరు దగ్గరికి వచ్చింది. నిద్రలేని కళ్లు. “మా నాన్న గిటారు ఇక్కడ మరమ్మతుకి ఇచ్చారండి. చాలా నెలలైంది. రసీదు దొరకలేదు. ఐబనెజ్ అనుకుంటా.”

అల్లుడు కంప్యూటరులో వెతికాడు. “ఆ కంపెనీవి వచ్చి తీసుకెళ్లనివి పదకొండు ఉన్నాయమ్మా. ఫోన్ నంబరు?”

ఆ అమ్మాయి చెప్పింది. దొరకలేదు. మనుషుల పేర్లకి అందులో గడే లేదు. నాన్న ఏ నంబరు ఇచ్చారో తెలియదు. ఏ రంగు గిటారో కూడా సరిగ్గా గుర్తు లేదు. “నల్లదో, ముదురు గోధుమ రంగో. ఎప్పుడూ సంచిలోనే ఉండేది.”

“నాన్నగారినే ఒకసారి అడిగి...”

“ఆయన మాట్లాడలేరండీ.” అంది ఆ అమ్మాయి. “నాలుగు నెలల కిందట పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, మాట రెండూ పోయాయి. ఏది అడిగినా ‘కాదు’ అనే ఒక్క మాటే వస్తుంది. అన్నానికీ అదే, నీళ్లకీ అదే. గోడకి గిటారు తగిలించే మేకు వైపు మాత్రం చూస్తూ ఉంటారు.”

వెనక గదిలోంచి తీగలక్క చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

“అమ్మాయీ, మీ నాన్న ఆ గిటారు పేరు ఎలా అనేవారు?”

“ఎలా అంటే?”

“ఆయన నోట ఎలా వచ్చేదో అలాగే అను. తప్పైనా ఫరవాలేదు.”

అన్ని నెలల్లో మొదటిసారేమో, ఆ అమ్మాయి పెదవుల మీదికి నవ్వు వచ్చింది. “ఇబ్బనేజా అనేవారు. చివర్న దీర్ఘం. మేమంతా ఏడిపించేవాళ్లం. చెబుతున్నావా నాన్నా, అడుగుతున్నావా అని. ఆయన ఇబ్బనేజా అన్నప్పుడల్లా మేం ‘ఆ, అదే!’ అనేవాళ్లం.”

తీగలక్క లోపలికి వెళ్లింది. అరల్లో మూడో వరస, గోడ పక్కన ఉన్న సంచి తీసుకొచ్చింది. చీటీ తిప్పి చూపించింది. వెనక వైపు ఆమె గుండ్రటి రాతలో ‘ఇబ్బనేజా – ప్రశ్న కాదు, పేరే’ అని ఉంది. లిఫ్టులు బాగుచేసే పొడుగాటి మనిషి, తల పగిలిన గిటారుని పసిబిడ్డని తెచ్చినట్టు తెచ్చి బల్ల మీద పడుకోబెట్టడం ఆమెకి కళ్లకి కట్టింది.

అల్లుడు చీటీ చేతిలోకి తీసుకుని రెండుసార్లు చదివాడు. తర్వాత కంప్యూటరు వైపు చూశాడు. తర్వాత ఎటూ చూడలేక కిందికి చూశాడు.

“నేనూ వస్తాను పద. చాలా రోజులు మూలన ఉంది, తీగలు శ్రుతి చేసి ఇవ్వాలి” అంది తీగలక్క.

వాళ్లది మూడో అంతస్తు. చిన్న ముందు గది, కిటికీ పక్కన మంచం, మందుల బల్ల. దిండ్లకి ఆనుకుని ఆయన కూర్చుని ఉన్నాడు. అంత పొడుగు మనిషీ ఇంత అయ్యాడు. తీగలక్కని చూసి, “కాదు” అన్నాడు. అది పలకరింపని ఆమెకి అర్థమైంది. సంచి విప్పింది. గోధుమ రంగు చెక్క వెలుగులో మెరిసింది. తల మీద అతుకు వెంట్రుకంత గీతలా కనిపించీ కనిపించకుండా ఉంది.

శ్రుతి చేస్తూ, దుకాణంలో రోజూ వినీ వినీ అలవాటైన నోటితో, “మీ ఐబనెజ్ బాగా కుదిరిందండీ” అంది. అన్నాక నాలుక కరుచుకుంది. మనిషి ముందు ఆ మనిషి మాట వాడకపోవడం ఇన్నేళ్లలో అదే మొదటిసారి.

ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. “కాదు” అన్నాడు. మళ్లీ, గట్టిగా, “కాదు.” పెదవులు కదిలాయి. మెడ నరాలు తేలాయి. ఎడమ చేత్తో దుప్పటి బిగించి పట్టుకున్నాడు. “ఇ... ఇబ్బ...”

కూతురు మంచం మీదికి వంగింది.

“ఇబ్బ... నే... జా.”

ఆ అమ్మాయి రెండు చేతులతో నోరు మూసుకుంది. వంటింట్లోంచి పరుగున వచ్చిన తల్లి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. చివరికి ఆ తల్లే తేరుకుని, ఏడుస్తూ నవ్వుతూ, “ఆ, అదేనండీ, అదే!” అంది.

మాట నేర్పే డాక్టరమ్మ తర్వాత చెప్పింది, కొందరికి అలా జరుగుతుందట. ఏళ్ల తరబడి నోట నలిగిన మాటలు ముందు బయటికొస్తాయట. ఆ పేరు తర్వాత భార్యని పిలిచే పిలుపు వచ్చింది. కూతురి ముద్దు పేరు వచ్చింది. ‘నీళ్లు’ రావడానికి ఇంకో నెల పట్టింది.

కుడి చెయ్యి మాత్రం మొరాయించింది. మెట్ల మీద తీగలు నొక్కే ఎడమ చెయ్యి భేషుగ్గా ఉంది, మీటే చెయ్యే లేవదు. తీగలక్క ఆదివారాలు అక్కడికి వెళ్లడం మొదలుపెట్టింది. పాత తోలు బెల్టు ముక్క కత్తిరించి, ఆయన అరచేతికి పట్టీ కుట్టి, దానికి తీగలు మీటే మందపాటి బిళ్ల ఒకటి బిగించింది. వేళ్లు ముడవక్కర్లేదు, భుజం కదిలితే చాలు తీగ మోగుతుంది. మొదటి పట్టీ జారింది. రెండోది గీరుకుంది. నాలుగోది కుదిరింది. డబ్బు తీసుకోమంటే, “మా నాన్న కుర్చీ కాలు పొట్టిదైతే ముక్క అతికేవాడు, కొత్త కాలుకి లెక్క కట్టేవాడు కాదు” అని దాటేసింది.

దుకాణంలో అల్లుడు అద్దం కింద కాగితం తీసేశాడు. కంప్యూటరులో మాత్రం కొత్తగా ఒక గడి చేరింది: ‘వాళ్లు పలికిన తీరు’. మొదట్లో అతని చెవికి ఆ తేడాలు అందేవి కావు. కస్టమరు వెళ్లగానే వెనక గదికి వచ్చి, “అక్కా, ఆయన ఐబనీస్ అన్నాడా, ఐబనీష్ అన్నాడా?” అని అడిగేవాడు. ఆమె పని ఆపకుండానే జవాబు చెప్పేది. ఏడాది తిరిగేసరికి అడగడం మానేశాడు.

ఒక శనివారం లిఫ్టు మెకానిక్ మూడంతస్తులూ తనంతట తాను దిగి, కర్ర సాయంతో దుకాణం దాకా నడిచొచ్చాడు. వెనక గదిలో స్టూలు మీద కూర్చుని, పట్టీ కట్టుకుని, తెలిసిన నాలుగు స్వరాలూ వరసగా మోగించాడు. మూడోది తడబడింది. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. తీగలక్క చేతిలో పని పక్కన పెట్టి, తల ఒక పక్కకి వంచి, చివరిదాకా వింది.