పాఠం కోసం ఎత్తిన బోనం

ఆ కాలంలో చదువుకు ఒక పద్ధతుండేది: లెక్కలు లెక్కల గంటలో, సైన్సు సైన్సు గంటలో. లాల్‌దర్వాజాలో ఒక హైస్కూల్లో నేను ఆయాగా చేరిన కొత్తల్లో యూనివర్సిటీ వాళ్లొచ్చి, అన్నీ కలిపి ఒకే పాఠంగా చెప్పాలన్నారు. (అన్నీ కలిపి వండితే మా ఇంట్లో కిచిడీ అంటాం, కానీ నన్నెవరడిగారు?) ఆషాఢం కదా, అమ్మవారికి నెత్తిన మోసుకెళ్లే బోనం మీద పాఠం అనుకున్నారు. కుండ కొలత లెక్కల సారుది, పెరుగన్నం వేడి సైన్సు సారుది, ఆచారం సోషల్ టీచరమ్మది. పాఠం నచ్చితే యూనివర్సిటీ మా బడితో కలిసి పనిచేస్తుందట. "జర గడ్‌బడ్ అయినా రేపటి సంది రాకు" అని మా బడి పెద్ద మేడం నాకు ముందే చెప్పింది. మా ఆయన మంచాన పడి ఉన్నాడు (మళ్లీ లేవనే లేదు, పాపం). ఇల్లు నా నౌకరీ మీదే నడిచేది.

మా బడి గల్లీకి అటొకటి ఇటొకటి, రెండు అద్దె ఇళ్లలో ఉండేది. ఇవతలి ఇంట్లో తయారైన బోనాన్ని పసుపు, వేపమండలు, పైన దీపంతో సహా అవతలి ఇంట్లో కూర్చున్న యూనివర్సిటీ మేడం ముందు పెట్టాలి. నాలుగడుగుల పని. నెత్తిన పెట్టుకుని గల్లీలోకి దిగానో లేదో, ఎదురింటి ముసలమ్మ చెంబెడు నీళ్లు నా కాళ్ల మీద పోసి దండం పెట్టింది.

"అవ్వా, గిది అమ్మకు కాదు, పాఠానికి!" అన్నాను.

"నెత్తికెత్తినంక పాఠమేంది బిడ్డా, నడువు!"

మూల మీది డప్పులవాళ్లు వాయింపు అందుకున్నారు. చాయ్ బండి భాయ్ "హటో హటో, రాస్తా దేవ్!" అంటూ బండి పక్కకు లాగి దారిచ్చాడు. కాళ్ల మీద నీళ్లు పడ్డాక బోనాన్ని అమ్మ ముందు తప్ప ఇంకెక్కడా దించం. వెనక నుంచి పెద్ద మేడం "దించవే, దించు!" అని ఒకటే అరుపు. నౌకరీ పోయినట్టే అనుకుంటూ గుడిదాకా నడిచాను.

పూజారి మూత తీశాడు. పెరుగన్నంలో సైన్సు సారు థర్మామీటరు నిటారుగా నిలబడి ఉంది.

"ఏందమ్మా, తల్లికి జరమొచ్చిందా?"

రొప్పుతూ వచ్చిన సైన్సు సారు, "ఎంతున్నదో జర చూసి చెప్పుండ్రి పంతులుగారూ" అన్నాడు.

యూనివర్సిటీ మేడం పరుగున వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. "అన్నీ ఎంత బాగా కలిసిపోయాయి, మేం కోరుకున్న పాఠం ఇదేనండీ!" అని పెద్ద మేడం చెయ్యి పట్టి ఊపింది. పెద్ద మేడం నా భుజం తట్టి, "మా ప్లానే గిది మేడం" అంది. నౌకరీ నిలిచింది. లెక్కల సారొక్కడే అలిగాడు, కుండను కొలవనివ్వలేదని.

ఇప్పుడు గ్యాస్ బండ జరపాలన్నా పక్కింటి వాళ్లను కేకేస్తాను. ఆ రోజు నౌకరీ పోతుందని భయపడుతూనే, అప్పటి నేను, ఆ పిల్ల, మెడ రవ్వంత కూడా కదపలేదు. ఎంత పిరికిది, ఎంత మొండిది! గల్లీలో ఎదురైతే పిలిచి, కాసేపు కూర్చోబెట్టి, ఒక చాయ్ తాగించాలనిపిస్తుంది.