షమీమ్ రాసిన ఒక్క లైను

2022లో నేను నంద్యాలలోని ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇంటర్ మొదటి సంవత్సరానికి లెక్కలు చెప్పేవాడిని. లిమిట్స్ పాఠం అయ్యాక ఒక పరీక్ష పెట్టాం. ఆ మార్కులను బట్టి పిల్లలను రెండు సెక్షన్లుగా విడదీయాలన్నది కాలేజీ నిర్ణయం.

లిమిట్ అంటే, x ఒక సంఖ్యకు దగ్గరవుతున్నప్పుడు లెక్క మొత్తం ఏ విలువకు దగ్గరవుతుందో కనుక్కోవడం. ముందు ఆ సంఖ్యను x స్థానంలో పెట్టి చూడాలి. పైనా కిందా సున్న వస్తే వేరే పద్ధతి వెతుక్కోవాలి. కారణాంకాలు తీయవచ్చు, రూట్ ఉంటే రేషనలైజ్ చేయవచ్చు, ఎల్ హాస్పిటల్ రూల్ ప్రకారం పైదాన్నీ కిందిదాన్నీ విడివిడిగా డిఫరెన్షియేట్ చేయవచ్చు. ఎంట్రన్స్ పరీక్షల్లో టైం కలిసొస్తుందని నేను పిల్లలకు ఆ చివరిదే బాగా అలవాటు చేశాను.

పాత పేపర్లో ఒక లెక్క ఉండేది. పైన √(x+2) − 2, కింద x − 2, x రెండుకు దగ్గరవుతుంది. బట్టీ పట్టిన జవాబు రాసేస్తారని x దగ్గరయ్యే ఆ రెండును ఏడుగా మార్చాను. జవాబు మాత్రం అలవాటు కొద్దీ రూల్‌తోనే చేసి 1/6 అని రాసుకున్నాను. దాదాపు అందరూ అదే రూల్ వాడారు, వాళ్లకూ అదే వచ్చింది. ఆళ్లగడ్డ నుంచి రోజూ బస్సులో వచ్చే షమీమ్ ఒక్కతే 1/5 అని రాసింది. అదీ ఒకే లైనులో.

దిద్దిన పేపర్లు ఇచ్చేటప్పుడు ఆమెను లేపి నిలబెట్టాను.

"మెథడ్ ఏదమ్మా?"

"ఏడు పెట్టి చూసినా సార్. కింద సున్న రాల్యా."

"నంబరు పెడితే అయిపోయేదానికి నేను ఇన్ని రోజులు పాఠం చెప్పాలా?" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆమె కూర్చుంది. ఆ మార్కులు పోవడంతో రెండో సెక్షన్‌లో పడింది. వారం తిరక్కుండా కాలేజీ మానేసింది.

కొన్నాళ్లకు ఇంకో బ్యాచ్‌కు అదే లెక్క బోర్డు మీద చేస్తుంటే నా చేయి ఆగిపోయింది. x ఏడైతే పైన √9, అంటే మూడులోంచి రెండు పోతే ఒకటి. కింద ఏడులోంచి రెండు పోతే ఐదు. సున్న ఎక్కడా లేదు. అక్కడ ఆ రూల్ వాడనే కూడదు.

ఆదివారం ఆళ్లగడ్డ వెళ్లాను. షమీమ్ తండ్రి టైలరు. మిషను ఆపి నాకు కుర్చీ వేశాడు.

"టీసీ తెచ్చుకున్న్యాం సార్. ఈడనే ఆర్ట్స్‌లో చేర్పించినా. లెక్కలు నాకు రావు అబ్బా అని ఒకటే ఏడుపు."

షమీమ్ లోపలినుంచి వచ్చి గోడ పక్కన నిలబడింది. "నీ జవాబే కరెక్టమ్మా. తప్పు చేసింది నేను" అన్నాను.

"ఇంటికొచ్చి మళ్లా చేసినా సార్. ఎన్నిసార్లు చేసినా ఒకటి బై ఐదే వస్తాండె. అందురిదీ ఒకటే, మీదీ అదే. నాకే ఏందో తెలీల్యా అనుకున్యా."

తిరిగి రమ్మన్నాను. ప్రిన్సిపాల్‌తో నేనే మాట్లాడతానన్నాను. తల అడ్డంగా ఊపింది.

"వద్దు సార్. నవ్వినోళ్లకు మాత్రం చెప్పండి."

సోమవారం రెండు సెక్షన్లనూ ఒకే గదిలో కూర్చోబెట్టి, ఆ లెక్క మళ్లీ చేసి, తప్పు నాదేనని చెప్పాను. ఎవరూ నవ్వలేదు.

షమీమ్ ఆర్ట్స్‌లోనే ఇంటర్ ముగించిందని తర్వాత తెలిసింది. పద్ధతి ఎంచుకునే ముందు లెక్కను చూడాలి. ఆమె చూసింది, నేను చూడలేదు. ఇప్పుడు నా జవాబుతో కలవని జవాబు కనిపిస్తే, కొట్టేయకుండా ఆ రాసినవాళ్లను పిలిచి ఎలా వచ్చిందో అడుగుతాను. వాళ్లు చెప్పడం పూర్తయ్యేదాకా నోరు మెదపను.