ఫ్రేములోకి ఎవరూ రాలేదు

సినిమాల్లో స్టిల్స్ తీయడం నా ఉద్యోగం. హీరో నవ్వితే నవ్వు, ఏడిస్తే ఏడుపు తీసి పోస్టర్ల వాళ్లకు పంపుతాను. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. అందుకే షూటింగ్ లేని ఉదయాల్లో చిన్న కెమెరా ఒకటి మెడలో వేసుకుని ఫిల్మ్‌నగర్ వీధుల్లో తిరిగేవాణ్ణి. ఎవరినీ నిలబెట్టకుండా, ఎవరికీ చెప్పకుండా, దొరికింది దొరికినట్టు తీయాలి. నాకు మిగిలిన సరదా అదొక్కటే. మా ఆవిడ దానికి పిచ్చి అని పేరు పెట్టింది.

అందులో నాకో నియమం ఉండేది. ఫొటో చూసినవాడికి సగమే తెలియాలి. ఒకే గొడుగు కింద ఇద్దరుంటే, వాళ్లు మొగుడూ పెళ్లాలా, అప్పుడే కలిసినవాళ్లా అన్నది తేలకూడదు. అంతా తేలిపోయే ఫొటోలు పెళ్లి ఆల్బమ్‌లో పెట్టుకోండని ఎగతాళి చేసేవాణ్ణి. పొగరుకేం తక్కువ లేదు.

మా ఏరియాలో ఒక పద్ధతి ఉంది. రోడ్డు మీద షూటింగ్ జరుగుతుంటే ఎవరూ ఫ్రేములోకి రారు. కార్లైనా పాలబండైనా ఎక్కడివక్కడ ఆగి, "కట్" అని వినపడ్డాకే కదులుతాయి. షాట్ చెడగొట్టి తిట్లు తినని మనిషి ఇక్కడ అరుదు.

రెండేళ్ల కిందట ఒక ఉదయం, జూబ్లీహిల్స్ వైపు ఎక్కే వీధిలో, ఒక బంగళా గేటు ముందు వాచ్‌మన్ పడి ఉన్నాడు. యూనిఫాం కొత్తగా ఉంది. తల భార్య ఒళ్లో ఉంది. ఆమె ఒక చెయ్యి పైకెత్తింది. వీధి చివర నటులు కూర్చునే కేరవాన్ ఆగి ఉంది. షూటింగే అనుకున్నాను. వాళ్ల కెమెరా ఏ మేడ మీదో ఉంటుందనుకుని, అడ్డం రాకుండా నిలబడి నా కెమెరా ఎత్తాను.

మొదటిది కుదరలేదు. ఫ్రేములో ఆమె చెయ్యి గేటు ఊచ మీద పడింది. రెండడుగులు ఎడమకు వేస్తే సరిగ్గా రెండు ఊచల మధ్యకు వచ్చింది. పిలుస్తోందా, వద్దంటోందా, దేవుణ్ణి అడుగుతోందా తేలడం లేదు. నాకు కావలసింది అదే.

"అన్నా! జర రాండ్రి అన్నా! మా ఆయనకు ఊపిరాడ్తలేదు!" అని ఆమె అరిచింది.

ఇప్పుడు సినిమాల్లో ఈ యాసే నడుస్తోంది కదా అనుకున్నాను. బాగా చేస్తోందని కూడా అనుకున్నాను. మోకాలి మీద కూర్చుని ఇంకా తీశాను. నా వెనక ఒక ఆటో ఆగింది. పాలబండి ఆగింది. వాకింగ్‌కి వచ్చిన ఇద్దరు ఆగారు. ఎవరూ చప్పుడు చేయలేదు.

కాసేపటికి ఆటో డ్రైవర్ వంగి మెల్లగా అడిగాడు. "సార్, మీ షాట్ ఇంకెంతసేపుంటది?"

"నాది కాదు," అన్నాను.

"మరి ఎవలది?"

ఇద్దరం వీధంతా చూశాం. కెమెరా ఉన్నది నా చేతిలోనే. ఈ మధ్య ఇంత చిన్న కెమెరాలతోనే సినిమాలు తీసేస్తున్నారు కాబట్టి వాళ్లకు అనుమానం రాలేదు. షూటింగ్ నాదేననుకుని, నన్ను చూసే అందరూ ఆగిపోయారు.

అతణ్ణి ఆటోలో ఎక్కించాం. కాళ్లు నేను పట్టుకున్నాను. ఆస్పత్రిలో చూసి, దారిలోనే పోయాడన్నారు. కాస్త ముందు తెస్తే బతికేవాడా అని నేను అడగలేదు. ఏం చెబుతారోనని భయం. ఇంటికొచ్చి ఇడ్లీ తిన్నాను. చట్నీలో ఉప్పు ఎక్కువైందా అని మా ఆవిడ అడిగితే లేదన్నాను. నాకు రుచే తెలియలేదు. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

తర్వాత ఒక స్నేహితుడు, ఎడిటరు, నా కంప్యూటర్లో ఆ ఫొటోలు చూశాడు. "నిజమో షూటింగో తెలియనివ్వలేదు చూడు, అదీ దీని అందం. ఎగ్జిబిషన్‌కి పంపు," అన్నాడు. పంపనన్నాను.

నెల తిరిగాక ఆమె మా ఇంటికి వచ్చింది. బంగళా వాళ్లు గది ఖాళీ చేయించారట, రహమత్ నగర్‌లో చెల్లెలి దగ్గర ఉంటోందట. ఆ రోజు ఆస్పత్రి నుంచి నన్ను దింపిన ఆటో డ్రైవరే ఇల్లు చూపించాడు. తిట్టడానికి వచ్చిందనుకున్నాను. తిడితే బాగుండుననిపించింది.

"సార్, మా ఆయనవి ఫొటోలు లేవు. ఆధార్ కార్డు మీదిది మంచిగ రాలే. మీరు గారోజు తీసిండ్రు గదా. ఒకటి ఇస్తరా?"

లోపలికి వెళ్లి వెతికాను. నేను బాగా కుదిరాయనుకున్నవాటిలో అతని కళ్లు మూసుకుని ఉన్నాయి. పనికిరాదని పక్కన పెట్టిన మొదటిదాంట్లో తెరిచి ఉన్నాయి. అదే ప్రింటు వేసిచ్చాను.

ఆమె చాలాసేపు చూసింది. "గీడ ఇంకా బతికే ఉన్నడు సార్," అంది. "మీ దిక్కే చూస్తున్నడు."

"ఔనమ్మా," అన్నాను.

ఫొటోను కొంగులో చుట్టుకుని, గడప దగ్గర ఆగి అడిగింది. "దీని తర్వాతియి ఏమన్న ఉన్నయా సార్?"

లేవన్నాను. ఎన్ని ఉన్నాయో నాకు తెలుసు. ఎన్నోదాంట్లో అతను కళ్లు మూశాడో కూడా తెలుసు.