పరామర్శ బ్రెడ్డు

మా యానాంలో ఒంట్లో బాగోలేని పిల్లని చూడ్డానికి ఎవరూ వట్టి చేతులతో రారు. బ్రెడ్డు ప్యాకెట్టు తెస్తారు. దాంతోపాటు ఒక మాట కూడా తెస్తారు. బ్రెడ్డు అయిపోతుంది, మాట ఉండిపోతుంది.

మా అమ్మాయి పన్నెండేళ్లు వచ్చినా తొమ్మిదేళ్ల పిల్లలా ఉండేది. పొట్ట ఉబ్బరం, విరేచనాలు, నోట్లో పుళ్లు. రక్తం తక్కువగా ఉందని టానిక్కు తాగిస్తే పళ్లు నల్లబడ్డాయి తప్ప రక్తం పెరగలేదు. కొందరు నులిపురుగులన్నారు, కొందరు దిష్టి అన్నారు. ఫరంపేటలో ఉండే మా ఆయన అక్కగారు మాత్రం వచ్చినప్పుడల్లా నా వంటింటి వైపు చూసి, "పిల్లకి అన్నం పెడతన్నావా అమ్మాయ్?" అని అడిగేవారు. ఓసారి దాని స్కూలు స్కర్టు చూసి, "నీకు కలిసొచ్చిందిలే, మూడేళ్లైనా పొట్టిదవ్వలేదు" అన్నారు. ఆవిడ నవ్వారు. మా ఆయనా నవ్వారు. ఇద్దరినీ గుర్తుపెట్టుకున్నాను.

పిల్ల నీరసపడినప్పుడల్లా అన్నం మానిపించి, ఆవిడ తెచ్చిన బ్రెడ్డు, గోధుమరవ్వ జావ పెట్టేవాళ్లం. తేలిగ్గా అరుగుతుందని అందరూ చెప్పిన పథ్యం అదే.

చివరికి కాకినాడలో పిల్లల డాక్టరమ్మ ఎత్తు కొలిచి, రక్తపరీక్ష రాశారు. తర్వాత నోట్లోంచి గొట్టం వేసి పేగులో చిన్న ముక్క తీయించారు. అంతవరకూ గోధుమ మానొద్దన్నారు. ముందే మానేస్తే జబ్బు బయటపడదట. సీలియాక్ అని తేలింది. గోధుమలోని గ్లూటెన్ అనే పదార్థం పేగు లోపలి పొరను పాడుచేస్తోందని, అందుకే తిన్నది ఒంటపట్టడం లేదని చెప్పారు. ఇంతకాలం ఏం పథ్యం పెట్టారని అడిగారు. చెప్పాను. ఆవిడ రాయడం ఆపి నా వైపు చూశారు.

"అన్నమే పెట్టండమ్మా."

ఇంట్లోంచి గోధుమపిండి, మైదా, బిస్కెట్లు, ఆఖరికి ఆ పిండి కలిపిన ఇంగువ కూడా వెళ్లిపోయాయి. ఈ సంగతి చెబితే వదినగారు, "నేను మొదట్నుంచీ అన్నం పెట్టమనే కదా మొత్తుకున్నాను" అన్నారు.

మరుసటి ఏడు స్కర్టు మోకాళ్లు దాటి పైకొచ్చింది. కొత్తది కుట్టించి, పాతది సంచిలో పెట్టుకుని ఆటోలో ఫరంపేట వెళ్లాను. వదినగారి మంచం మీద పరిచాను.

"పొట్టిదైపోయింది వదినగారూ."

ఆవిడ దాన్ని మడతపెట్టి నా చేతికిచ్చారు.

"మరీ తాటిచెట్టులా అయిపోకుండా చూస్కో అమ్మాయ్."

అదీ గుర్తుపెట్టుకున్నాను.