గాలి లేని రోజు తప్పిపోయిన పావురాలు

మా బాబాయి లిఫ్టు మెకానిక్. పగలంతా చీకటి గోతుల్లో వేలాడి, సాయంత్రం డాబా ఎక్కి పావురాలతో కబుర్లాడే మనిషి. మనుషులతో అన్ని కబుర్లు చెప్పగా నేనైతే చూడలేదు.

పోటీ పావురాలు పెంచేవాళ్లకొక కిటుకుంది. గూట్లో పసిపిల్లలున్న పావురాన్ని దూరం తీసుకెళ్లి వదిలితే, ఎక్కడా ఆగకుండా ఇంటికొచ్చి పడుతుంది. మామూలుగా తల్లినో తండ్రినో ఒకదాన్నే పంపుతారు. ఆ ఏడు పోటీ కప్పు మీద కన్నుపడి, బాబాయి జంటను పంపేశాడు.

"సూర్యుడి నుంచి తుఫానేదో వస్తోందని రేడియోలో చెప్పారు. ఈసారికి మానెయ్యకూడదూ?" అంది పిన్ని, పంపే ముందు.

బాబాయి గాలి చూడ్డానికి డాబా మీద కర్రకు కట్టిన దారం చూపించాడు. "తుఫానట! దారం కూడా కదలట్లేదు చూడు."

నేనూ పగలబడి నవ్వాను. పిన్ని చెప్పింది దారాలు కదిపే గాలి గురించి కాదని తర్వాతే తెలిసింది. సూర్యుడి నుంచి విద్యుత్తు నిండిన కణాలు ఎప్పుడూ వెలువడుతూనే ఉంటాయట. అదే సౌర పవనం. భూమి అయస్కాంత శక్తి వాటిని చాలావరకు పక్కకు తోసేస్తుంది. సూర్యుడి మీద పేలుళ్లు జరిగి ఆ పవనం ఉధృతమైతే, ఆ శక్తే అల్లల్లాడుతుంది. పావురాలు దారి పట్టేది కొంతవరకు దాన్ని బట్టేనంటారు. తెలిసి ఏం లాభం, తెలియాల్సినప్పుడు తెలియనిది!

మధ్యాహ్నం రావాల్సినవి పొద్దుగూకినా రాలేదు. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది, అందులో ఒక్క రెక్క లేదు. పోటీకి వెళ్లినవి ఊళ్లో ఏ డాబా మీదా ఒక్కటీ వాలలేదట. గూట్లో కళ్లు తెరవని రెండు పిల్లలు నోళ్లు చాపి కీచుమంటున్నాయి. అవి గింజ తినే వయసువి కావు. తల్లీ తండ్రీ గొంతులో ఊరే పాలే వాటికి తిండి. పిన్ని పట్టిన పిండినీళ్లు కక్కేశాయి.

మర్నాడు గూటి మీద ఒక పావురం వాలింది. బాబాయి చెప్పుల్లేకుండా పరిగెత్తాడు. మాది కాదు. కాలి ఉంగరం మీద ఎవరిదో ఫోన్ నంబరు. బాబాయి ఫోన్ చేస్తే ఒకావిడ ఎత్తింది.

"మీ పావురం మా డాబా మీదుందండీ."

"బతికుందా! మేం జంటనే పంపామండీ. పిల్లలు ఆకలికి ఇందాకే పోయాయి. దాన్ని జాగ్రత్తగా ఉంచండి, సాయంత్రం వస్తాను."

బాబాయి ఫోన్ పెట్టేశాడు. తర్వాత మా పిల్లల్ని తెచ్చి ఆ పావురం పొట్ట కింద పెట్టాడు. అది కాసేపు బిగుసుకుపోయి కూర్చుంది. మెల్లగా మెడ వంచి ముక్కు తెరిచింది. పిల్లలు అందులోకి మూతులు దూర్చి గుటకలు వేశాయి.

పిన్ని కళ్లు తుడుచుకుంది. బాబాయి మాత్రం గోడకానుకుని కూలబడ్డాడు.

"ఆవిడ పిల్లల పాలు ఇవి," అన్నాడు నాతో. "సాయంత్రం ఆవిడొస్తే ఏ మొహం పెట్టుకుని చూడనే?"