తలుపులున్న టీవీ

జర్మనీలోని ఎర్లాంగెన్‌లో ఉదయశ్రీ వాళ్ళ కింది అంతస్తులో వీగాండ్ అనే తొంభై ఏళ్ళ పెద్దాయన ఒంటరిగా ఉండేవాడు. వయసులో ఉన్నప్పుడు ఆయన రేడియోలకూ టీవీలకూ రూపం గీసిన డిజైనరు. ఆ సంగతి ఉదయశ్రీకి తెలియదు. భవనం అడుగున సామాన్లు పెట్టుకునే కెల్లర్‌లో ఆయనకో పాత టీవీ ఉందనీ, అప్పుడప్పుడూ దిగి వెళ్ళి దాన్ని మెత్తటి గుడ్డతో తుడుస్తాడనీ మాత్రం తెలుసు. నాలుగు సన్నటి కాళ్ళ మీద నిలబడ్డ చెక్క పెట్టె, తెర ముందు రెండు తలుపులు.

2020 చివర్లో, చలికాలంలో ఆయనకు కరోనా సోకింది, అంబులెన్స్‌లో తీసుకెళ్ళారు. వారాలు గడిచాయి. కెల్లర్ నడవాలో అడ్డుగా ఉన్న సామాన్లు తియ్యకపోతే పారేస్తామని భవనం బాగోగులు చూసే హౌస్‌మైస్టర్ అందరికీ చెప్పాడు. టీవీ ఆ నడవాలోనే ఉంది.

"అచ్చం దేవుడి మందిరంలా లేదూ?" అంది ఉదయశ్రీ భర్తతో.

"అది కింది పెద్దాయనది కదా" అన్నాడు కమలాకర్.

"ఆ వయసులో, ఆ జబ్బుతో ఇంకెక్కడొస్తార్లే."

ఆ మాట అన్నందుకు అప్పుడామెకు ఏమీ అనిపించలేదు. ఇద్దరూ కలిసి పెట్టెను పైకి మోసుకొచ్చారు. కమలాకర్ తెరతో సహా లోపలి గాజు గొట్టం, తీగలు ఊడదీసి రీసైక్లింగ్ కేంద్రంలో ఇచ్చొచ్చాడు. దీపాల వైరు కోసం వెనకా, గంట తగిలించడానికి పైనా డ్రిల్లుతో కన్నాలు పెట్టాడు. వెంకటేశ్వరస్వామి పటం లోపల చక్కగా అమిరింది. వాట్సాప్‌లో ఫొటో చూసి స్నేహితులంతా మెచ్చుకున్నారు.

మార్చిలో వీగాండ్ తిరిగొచ్చాడు.

మెట్ల మీద చేతికర్ర చప్పుడు విని ఉదయశ్రీ తలుపు సందులోంచి చూసింది. మనిషి సగమయ్యాడు. తను అన్న మాట గుర్తొచ్చి ఆమె గబుక్కున తలుపు మూసేసింది.

"నువ్వేం మాట్లాడకు. హౌస్‌మైస్టర్ పారేశాడనుకుంటారు" అన్నాడు కమలాకర్.

కానీ దీపం పెట్టబోతే ఆమెకు చెయ్యి రాలేదు. ఒకరోజు పొద్దున్నే మాస్కు పెట్టుకుని కిందికి వెళ్ళి, వచ్చీరాని జర్మన్‌లో చెప్పేసింది. "మీ టీవీ మా ఇంట్లో ఉందండీ. అడక్కుండా తెచ్చుకున్నాం."

ఆయన ఆగి ఆగి మెట్లెక్కి వచ్చాడు. పెట్టెకేసి చాలాసేపు చూశాడు.

"తెర ఏమైంది?"

"పారేశామండీ."

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. "ఆపేసిన తెర గుడ్డి కన్నులా ఉందని ఆ రోజుల్లో చాలామంది హాల్లో పెట్టుకునేవారు కాదు. అందుకని తలుపులు గీశాను. మా యజమాని నవ్వాడు." ఆమెకేసి తిరిగి అడిగాడు. "నేనిక రాననుకున్నారు, కదూ?"

ఆమె తల వంచుకుంది.

"అది నాకు తిరిగి కావాలి" అన్నాడు.

ఆ సాయంత్రం దేవుడి పటాలు వంటింటి అలమరలోకి మారాయి. ఖాళీ పెట్టె కింద ఆయన హాల్లో ఒక మూలకు చేరింది. అప్పట్నించి ఆయనకు కూరలూ బ్రెడ్డూ ఉదయశ్రీయే తెచ్చిపెట్టేది. ఆయన ప్రతిసారీ థాంక్స్ చెప్పేవాడు, టీవీ ఊసెత్తేవాడు కాదు. ఆమె ఆ మూలకు చూసేది కాదు.

వేసవిలో ఒక మ్యూజియం నుంచి ఒకావిడ పెట్టెను చూడ్డానికి వచ్చింది. కూరల సంచితో ఉదయశ్రీ అప్పుడే లోపలికొచ్చింది.

"ఈ చుట్టుపక్కల ఫ్యాక్టరీలన్నీ దీన్ని చూశాకే తలుపుల టీవీలు చేశాయి" అంటూ చెక్కను నిమిరిన ఆవిడ చెయ్యి ఆగిపోయింది. "ఈ కన్నాలు ఎవరు పెట్టారు?"

"నేనే" అన్నాడు వీగాండ్. "ముసలితనం. ఏం చేస్తున్నానో తెలియలేదు."

ఆవిడ చిన్నపిల్లాణ్ణి చూసినట్టు ఆయన్ని చూసి నవ్వింది. "అయ్యో, పాడు చేసేశారే."

కాదు, మేమే అని ఉదయశ్రీ చెప్పాల్సింది. మాట గొంతులోకి వచ్చింది కూడా. ఆమె వంటింట్లోకి వెళ్ళి, బంగాళాదుంపలు ఒక్కొక్కటే బుట్టలో సర్దుతూ, ఆవిడ వెళ్ళిపోయేదాకా అక్కడే నిలబడింది.