రాహేలు ఇంకో పేరు

ఇరవై ఏళ్ల కిందట, ఆర్మూర్ బస్టాండులో నా చేతిలోని అమెరికా కామిక్ పుస్తకంలోకి పక్కనున్నావిడ తొంగి చూసింది. పసుపు యార్డులో కూలి చేస్తుందట, గోళ్లు ఇంకా పచ్చగా ఉన్నాయి.

"ఎవలు సారూ, గీ ముసుగేసుకున్నోడు?"

లోకాన్ని కాపాడే వీరుడనీ, పుట్టుకతో యూదుడనీ, అది బయటపడకుండా వేరే పేరుతో బతుకుతాడనీ చెప్పాను.

"యూదులు బైబిల్ల ఉన్నోళ్లు గాదా? గిప్పుడు గూడ ఉన్నరా?" అని ఆశ్చర్యపోయింది. "నా పేరు గూడ వాళ్లదే. రాహేలు."

ఇంతలో జక్రాన్‌పల్లి బస్సు దగ్గర నుంచి ఎవరో "ఓ లక్ష్మీ, రా!" అని కేకేశారు. లేచింది ఈవిడే. నా మొహం చూసి నవ్వింది.

"కాగితాల్ల లక్ష్మి సారూ. కిరస్తానమని తెలిస్తే బిడ్డకు ఎస్సీ సర్టిఫికెట్ ఇయ్యరు."

"మా వీరుడు ఇంటికెళ్లాక ముసుగు తీసేస్తాడు" అన్నాను. అంతకంటే తెలివితక్కువ మాట నేను జన్మలో అనలేదు.

"నసీబున్నోడు," అంది సంచి భుజాన వేసుకుంటూ. "మాకు ఎంక్వయిరీ సార్లు ఇంటికే వస్తరు. పొద్దుగాల గోడ మీది సిలువ తీసి బియ్యం డబ్బాల దాసిపెట్టి వచ్చిన."

బస్సు కదిలింది. వాడు లోకాన్ని ఎలా కాపాడాడో నేను చదవలేదు.